60 కాదు, 20 చూడండి: మొదటి స్పాటింగ్ స్కోప్ కొనేవాళ్ల కోసం కొన్ని లెక్కలు

జనవరిలో పొద్దున్నే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టుకుంటే, పులికాట్ సరస్సు మధ్యలోంచే వెళ్తాం. రెండు పక్కలా నీళ్లు, బురద మేటలు. దూరంగా లేత గులాబీ గీతలా కనిపించేవి రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు. పెద్ద ఫ్లెమింగో నిలువు ఎత్తు 110 నుంచి 150 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి వాటిని గుర్తుపట్టడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. చిక్కంతా వాటి కాళ్ల దగ్గర బురదలో పరుగులు తీసే చిన్న పిట్టలతోనే. లిటిల్ స్టింట్ పొడవు 14 సెంటీమీటర్లు మించదు. అది 300 మీటర్ల దూరంలో ఉంటే 8 రెట్ల బైనాక్యులర్‌లో పిట్ట ఉందని తెలుస్తుంది, ఏ పిట్టో తెలియదు. స్టాండు మీద నిలబెట్టి చూసే దుర్భిణి, అంటే స్పాటింగ్ స్కోప్, కొనాలన్న కోరిక చాలామందికి అక్కడే పుడుతుంది. తప్పు స్కోప్ కొనడం కూడా చాలావరకు ఆ తొందరలోనే జరుగుతుంది.

స్కోప్ మీద 20-60×60 అని రాసి ఉంటుంది. మొదటి రెండు అంకెలకు అర్థం, బొమ్మను 20 రెట్ల నుంచి 60 రెట్ల వరకు పెంచి చూపిస్తుందని. × గుర్తు తర్వాత ఉన్న అంకె ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెట్లు అంటే ఏమిటో తెలియడానికి సులువైన దారి ఒకటుంది: దూరాన్ని రెట్లతో భాగించండి. 300 మీటర్ల పిట్టను 8 రెట్లలో చూస్తే 37.5 మీటర్ల దగ్గర మామూలు కంటితో చూసినట్టు. 20 రెట్లలో 15 మీటర్లు, 30 రెట్లలో 10 మీటర్లు. పది మీటర్ల దూరంలో, పెరటి గోడ మీద వాలిన పిట్టను మనం రోజూ గుర్తుపడుతూనే ఉన్నాం. అంటే 30 రెట్లతో పని చాలావరకు అయిపోయింది. మరి 60 ఎందుకు?

ఆన్‌లైన్‌లో చూసే ప్రకటనల్లో చాలావాటిని అమెరికా వేటగాళ్ల కోసం రాశారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేటకు ఇప్పుడు తలుపులు మూసుకునే ఉన్నాయి. అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడతారు, స్కోప్ అవసరం కూడా నిజమైనదే. కొలరాడోలో చాలా వేట మండలాల్లో మగ ఎల్క్ కొమ్ముకు ఒక పక్కనైనా కనీసం 4 మొనలు ఉండాలి, లేదా నుదుటి దగ్గరి మొన కనీసం 5 అంగుళాలు ఉండాలి. అది తేల్చుకోకుండా తుపాకీ పేల్చకూడదు. ఎదుటి కొండ మీదున్న జంతువు కొమ్ము మొనలు లెక్కపెట్టాలి కాబట్టి ఆ వేటగాడికి పెద్ద అంకె మీద మోజు. అయితే కొండలెక్కి తిరిగే అనుభవమున్న వేటగాళ్లు కూడా తేలికైన స్కోప్‌నే మోస్తారు, తక్కువ రెట్లలో వెతికి, ఆ తర్వాతే పెంచుతారు. ప్రకటనలో మాత్రం ఆ రెండో మాట ఉండదు.

ఇప్పుడు అసలైన భాగహారం. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే, కంటి దగ్గరి అద్దంలోంచి బయటికొచ్చే కాంతి వలయం వెడల్పు వస్తుంది. 60ని 20తో భాగిస్తే 3 మిల్లీమీటర్లు. 60ని 60తో భాగిస్తే 1 మిల్లీమీటరు. పట్టపగలు మన కంటిపాప 2 నుంచి 3 మిల్లీమీటర్లు తెరుచుకుని ఉంటుంది. మసక వెలుతురులో 5కి పైనే, చిన్న వయసువాళ్లలో 7 దాకా విప్పారుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ విప్పారడం తగ్గుతుంది. పిట్టలు బాగా కదిలేది తెల్లవారుజామున, సాయంత్రం. అప్పుడు కన్ను 5 మిల్లీమీటర్ల తలుపు తెరిచి కూర్చుంటే, 60 రెట్ల దగ్గర స్కోప్ 1 మిల్లీమీటరు సన్నని ధారనే ఇస్తుంది. బొమ్మ పెద్దదవుతుంది, చీకటిగానూ అవుతుంది. రెక్క మీది గోధుమ రంగు, బూడిద రంగు ఒకటైపోతాయి. పొద్దున ఆరున్నరకు పనికొచ్చే స్కోప్ కావాలంటే ఈ భాగహారంలో 2కు తగ్గని చోటనే వాడుకోవాలన్నది నా కొలత. 60 మిల్లీమీటర్ల అద్దానికి ఆ హద్దు 30 రెట్లు. 80 మిల్లీమీటర్లకైతే 40.

ఇంకో హద్దు కూడా ఉంది, దీన్ని ఏ కంపెనీ దాటలేదు. కాంతి స్వభావం వల్ల ముందు అద్దం ఎంత సన్నని వివరాన్ని విడదీసి చూపగలదో దాని వ్యాసమే నిర్ణయిస్తుంది. నక్షత్రాలు చూసేవాళ్లు వాడే లెక్క: 116ను వ్యాసంతో భాగించండి. 60 మిల్లీమీటర్లకు 1.9 ఆర్క్ సెకండ్లు వస్తుంది. ఒక డిగ్రీలో 3,600 ఆర్క్ సెకండ్లు. 300 మీటర్ల దగ్గర ఈ 1.9 అంటే దాదాపు 3 మిల్లీమీటర్లు. మంచి చూపున్న కన్ను సొంతంగా విడదీయగలిగేది 60 ఆర్క్ సెకండ్ల వరకు. 60ని 1.9తో భాగిస్తే 31 చిల్లర వస్తుంది. అంటే 31 రెట్ల దగ్గరికొచ్చేసరికే ఆ అద్దం ఇవ్వగలిగినదంతా పదునైన కంటికి చేరిపోయింది. కంటికి కాస్త సుఖంగా ఉండాలని 40, 45 దాకా వెళ్లొచ్చు. ఆపైన పెంచడం పేపర్లో అచ్చైన ఫొటోను భూతద్దంతో చూడటం లాంటిది. ఫొటోలో లేని వివరం రాదు, చుక్కలే పెద్దవవుతాయి.

ఈ రెండు లెక్కలతో ఏ ప్రకటనకైనా నిమిషంలో కొలత పెట్టొచ్చు. 10-300×40 అని అమ్మే ఒంటికంటి దుర్భిణులు ఉన్నాయి. 40ని 300తో భాగిస్తే 0.13 మిల్లీమీటర్లు. సూదిమొనంత వెలుగు. చేతిలో డబ్బు తక్కువగా ఉండి, ఆశ ఎక్కువగా ఉన్న కుర్రాళ్లు, బడి పిల్లలకు పిట్టలు చూపిద్దామనుకునే టీచర్లు ఇలాంటివి కొని, పిట్టలు చూడటం తమ వల్ల కాదనుకుంటారు. వాళ్ల కన్నూ బాగానే ఉంది, పిట్టా బాగానే ఉంది.

నా మొదటి స్కోప్ కూడా 20-60×60. ఎందుకింత మసకగా ఉందో చాలా రోజులు అర్థం కాలేదు. తర్వాత ఒక పరీక్ష నేర్చుకున్నాను. రాత్రి గదిలో దీపం ఆర్పి, స్కోప్‌ను దూరపు వస్తువుకు ఫోకస్ చేసిన స్థితిలోనే బల్ల మీద పెట్టి, కంటి పక్క నుంచి కాస్త ఎడంగా ఫోన్ టార్చి వెలుగు పంపాలి. ముందు అద్దానికి ఆనించి ఒక ట్రేసింగ్ కాగితం పట్టుకుంటే దాని మీద గుండ్రటి వెలుగు పడుతుంది. ఆ గుండ్రాన్ని స్కేలుతో కొలిచాను. 60 ఉండాల్సింది 47 మిల్లీమీటర్లే ఉంది. లోపల ఎక్కడో సన్నని రింగు పెట్టి, అద్దం అంచుల్ని మూసేశారు. అద్దం అంచుల్లో బొమ్మ చెదురుతుంది, ఆ లోపం కనబడకుండా ఉండటానికి ఇదొక దారి. 47ను వర్గం చేసి, 60 వర్గంతో భాగిస్తే 0.61. నేను డబ్బిచ్చిన కాంతిలో 61 శాతమే నా కంటికి వస్తోంది. అప్పటికి తిరిగి పంపే గడువు దాటిపోయింది. అందుకే ఈ పరీక్ష పార్సిల్ విప్పిన రాత్రే చేయమని అడిగినవాళ్లందరికీ చెబుతాను.

అలాగని పెద్ద అద్దమే మేలా? 80 మిల్లీమీటర్ల అద్దం 60 కంటే 1.78 రెట్ల కాంతి పడుతుంది. నిజమైన లాభమే. కానీ బరువు పెరుగుతుంది, దానికి తగ్గ స్టాండు కావాలి, ఆ స్టాండు బరువూ ఖరీదూ పెరుగుతాయి. పైగా ఒకే ధరలో 60, 80 రెండూ దొరికితే, 80లో అద్దం నాణ్యత మీద పెట్టిన ఖర్చు తక్కువని నా అనుమానం. మొదటిసారి కొనేవాళ్లకు 65 దగ్గర ఆగమంటాను. సెలెస్ట్రాన్ అల్టిమా 65 మీద 18-55×65 అని ఉంటుంది, వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ చిన్న మోడల్ మీద 16-48×65 అని ఉంటుంది. వీటిలో ఏది కొనాలని కాదు, మొదటి అంకెలు చూడమని చెబుతున్నాను. 16, 18 అన్న అంకెలే రోజంతా మీకు పని చేసిపెట్టేవి.

ఎందుకంటే రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర కుంచించుకుపోతుంది. మామూలు 8×42 బైనాక్యులర్‌లో 1,000 మీటర్ల దూరంలో దాదాపు 130 మీటర్ల వెడల్పు ఒకేసారి కనిపిస్తుంది. బడ్జెట్ స్కోప్‌లో 20 రెట్ల దగ్గర అది 35 మీటర్లకు, 60 దగ్గర 17 మీటర్లకు తగ్గుతుంది. అదే 300 మీటర్ల దూరంలో అయితే 5 మీటర్లు. అంత ఇరుకు కిటికీలోంచి పరుగెత్తే స్టింట్‌ను పట్టుకోవడం నిజంగా కష్టం.

పెద్ద రెట్లు కావలసిన పని ఒకటుంది, అదీ చెప్పాలి. వలస పిట్టల కాళ్లకు శాస్త్రవేత్తలు వేసే రంగు రంగుల పట్టీల మీద అక్షరాలుంటాయి. అక్షరం ఎత్తు 4 మిల్లీమీటర్లనుకుందాం. 100 మీటర్ల దూరంలో అది 8 ఆర్క్ సెకండ్ల చిల్లర. కంటి డాక్టరు బోర్డు మీది మామూలు చూపు వరుస అక్షరం 300 ఆర్క్ సెకండ్లుంటుంది. 300ను 8.25తో భాగిస్తే 36. అంటే 36 రెట్లు, మంచి వెలుతురు, కదలని స్టాండు. ఇక్కడ కూడా 60 అవసరం రాలేదు.

స్టాండు గురించి ఎంత చెప్పినా తక్కువే. 30 రెట్లంటే వణుకు కూడా 30 రెట్లు. గాలికి స్టాండు డిగ్రీలో పదో వంతు ఊగితే కంట్లో బొమ్మ 3 డిగ్రీలు ఊగుతుంది, పున్నమి చంద్రుడి వెడల్పుకు ఆరింతలు. పులికాట్ మీద గాలి ఎప్పుడూ ఉంటుంది. స్కోప్‌తో ఉచితంగా వచ్చే జానెడు స్టాండు బల్ల మీద పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. చేతిలో ₹30,000 ఉన్నాయనుకోండి. స్కోప్‌కు 19,000, ట్రైపాడ్‌కూ దాని తలకూ కలిపి 9,000, మిగతా 2,000 సంచి, తేమ తగలని డబ్బా కోసం అని నేను పంచుతాను. దాదాపు మూడో వంతు స్టాండుకా అని బాధ కలుగుతుంది, నాకూ కలిగింది. కానీ గట్టి కాళ్ల మీద నిలబెట్టిన మామూలు స్కోప్ చూపించే పిట్టను, ఊగే కాళ్ల మీది ఖరీదైన స్కోప్ చూపించలేదు. వీడియో తీసేవాళ్లు వాడే ఫ్లూయిడ్ హెడ్ తీసుకోండి, నెమ్మదిగా పక్కకు తిప్పుతూ మందను వెతకొచ్చు. మధ్య కడ్డీ పైకి లేపకండి, దానికింద నీళ్ల సీసా ఉన్న సంచి వేలాడదీయండి.

అద్దాల పూత దగ్గర డబ్బా మీది మాటలు జాగ్రత్తగా చదవాలి. పూత లేని అద్దం ఒక్కో ముఖం దగ్గర 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. ఒక్క పొర పూత ఉంటే ఒకటిన్నర శాతం, చాలా పొరలుంటే అర శాతం. స్కోప్‌లో గాలి తగిలే ముఖాలు 12 అనుకుంటే, చివరికి కంటికి చేరేది వరుసగా 61, 83, 94 శాతం. ‘మల్టీ కోటెడ్’ అని ఉంటే ఏదో కొన్ని ముఖాలకే మంచి పూత ఉండొచ్చు. ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ అంటేనే అన్నిటికీ. పట్టకం గాజు బీఏకే-4 రకమని ఉంటే మంచిది. ఈడీ గాజు వల్ల తెల్ల కొంగ అంచున ఊదారంగు గీత తగ్గుతుంది, డబ్బు మిగిలితే తీసుకోండి, లేకపోతే దిగులు వద్దు.

కళ్లజోడు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్, అంటే కంటి దగ్గరి అద్దానికి ఎంత ఎడంగా కన్ను పెట్టినా బొమ్మ మొత్తం కనిపిస్తుందో ఆ దూరం, 15 మిల్లీమీటర్లకు తగ్గనిది చూసుకోవాలి. కంటి గొట్టం 45 డిగ్రీలు వంగిన రకం నలుగురూ ఒకే ఎత్తులో చూడటానికి వీలు, పిల్లలకు మరీ మేలు. నిటారు రకం కారు కిటికీలోంచి చూసేవాళ్లకు.

ఇంత లెక్క వేసుకున్నా, తొమ్మిదిన్నర దాటాక పులికాట్ బురద మీద సెగ లేస్తుంది. ఎండమావుల్లాంటి ఆ అలలు 20 రెట్లలో కొద్దిగా, 40లో భరించలేనంతగా కనిపిస్తాయి. లక్షలు పెట్టిన స్కోప్‌కూ అంతే. అప్పుడు రెట్లు తగ్గించుకోవాలి, లేదా ఇడ్లీ తినడానికి సూళ్లూరుపేట వెళ్లాలి.

అసలు స్కోప్ అక్కర్లేని చోట్లు మనకు చాలానే ఉన్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు గట్టు మీంచే కనిపిస్తాయి. కైకలూరు దగ్గర ఆటపాకలోనూ బైనాక్యులర్ చాలు. హైదరాబాద్ అమీన్‌పూర్ చెరువులోనూ చాలా రోజులు దానితోనే గడిచిపోతుంది. చేతిలో 8×42 లేనివాళ్లు ముందు అదే కొనాలి. స్కోప్ కొనేముందు ఒక్కసారైనా మరొకరి స్కోప్‌లో చూడండి. 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా మొదలై, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తున్న సంస్థ లాంటి బృందాలతో ఒక ఆదివారం తిరిగితే రెండు మూడు రకాల స్కోప్‌లు చూసే వీలుంటుంది. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకు వెళ్తే ఇంకా మంచిది, లెక్కపెట్టడానికి మనుషుల అవసరం వాళ్లకెప్పుడూ ఉంటుంది.

కొన్నాక అసలు శత్రువు మన గాలి. నెల్లూరు, కాకినాడ తేమలో నల్లటి తోలు సంచిలో మూసి బీరువాలో పెట్టిన అద్దం మీద సాలెగూడు లాంటి బూజు పాకుతుంది, పూతను తినేస్తుంది. వాడాక తుడిచి, ఆరబెట్టి, గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి. లోపల ఒక చిన్న తేమ మీటరు ఉంచితే 40 నుంచి 50 శాతం మధ్య ముల్లు నిలవాలి. సిలికా జెల్ నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ పీల్చి నిండిపోయాయని గుర్తు. ఆ తేమ పోగొట్టడానికి వాటిని వంటకు వాడే మూకుడులో వేయించొద్దు, ఆ నీలం రంగు కోబాల్ట్‌ది, విషం. ఆ పనికి ఒక పాత రేకు పళ్లెం విడిగా పెట్టుకోండి.