పదును వెనక పాత సముద్రం

జపాన్‌లో వంటకత్తులకూ ఉలులకూ సమురాయ్ ఖడ్గాలకూ చివరి మెరుగు పెట్టే సహజ సానరాళ్ళలో మేలైనవి క్యోటో చుట్టుపక్కల కొండల్లోవి. నరుతాకి, నకయామ, ఓజుకు గనులు అందులో పేరుమోసినవి. చాలా గనులు మూతపడ్డాయి కాబట్టి పాత రాళ్ళకు గిరాకీ ఎక్కువ.

ఆ కొండరాయి ఒకప్పుడు ప్రాచీన పసిఫిక్ అడుగున పేరుకున్న మట్టి! సుమారు 25 కోట్ల ఏళ్ళ కిందట భూమ్మీది జీవజాతుల్లో అత్యధిక భాగం అంతరించిపోయింది. అంతకుముందు, మళ్ళీ చాలాకాలం తర్వాత, రేడియోలేరియా అనే సూక్ష్మజీవుల సిలికా గుల్లలు సముద్రం అడుగున పోగుపడి చెర్ట్ అనే కరకు రాయిగా మారాయి. ఆ జీవులు కరువైన నడిమి కాలంలో దిగింది ఎక్కువగా సన్నటి బంకమట్టే. సానరాయి ఆ పొరలోదే. ఈ విశేషాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే.

పొరలుగా ఏర్పడ్డ రాయి కాబట్టి నీరు పట్టి చీలిపోయే ప్రమాదముంది. అందుకని పక్కలకు లక్కపూత వేసి, నూరే ముఖాన్ని మాత్రం వదిలేస్తారు.

మెత్తటి ఇనుముకు గట్టి ఉక్కు అతికిన కత్తిని దీని మీద నూరితే ఇనుము మంచు కమ్మినట్టు మసకబారుతుంది, ఉక్కు తళతళలాడుతుంది. ఈ మసకను కసుమి అంటారు. మంచి వంటకత్తికి అదే అందం.

ఖడ్గాల దగ్గర పని తిరగబడుతుంది. ముందు దశల్లో ఖడ్గాన్ని రాయి మీద నూరతారు. చివర్లో రాయినే ఖడ్గం మీద నూరతారు. ఉచిగుమొరి అనే రాయిని పలచటి రేకుగా అరగదీసి, వెనక సన్నటి జపాన్ కాగితం అతికించి, ఆ ముక్కను బొటనవేలి కింద పెట్టుకుని కొంచెం కొంచెంగా రుద్దుతారు. అంచు పొడవునా అలలా సాగే హమోన్ అనే గీత అప్పుడు తేటపడుతుంది. ఈ విద్యలో తరతరాలుగా పేరున్నది హోన్‌అమి కుటుంబం. లిపికళలోనూ మట్టిపాత్రల పనిలోనూ ఘనుడైన కోయెత్సు (1558–1637) ఆ ఇంటివాడే.

సానరాయి తుక్కు కూడా వృథా పోలేదు. షికోకు దీవిలోని తోబేలో తవ్వకాల్లో మిగిలిన రాతిముక్కలను పొడిచేసి, 1777లో తెల్లటి పింగాణీ తయారుచేయగలిగారు. నీలిరంగు చిత్రాలున్న ఆ దళసరి గిన్నెల్లో జపాన్ వాళ్ళు ఇవాళ్టికీ భోంచేస్తున్నారు.