సామర్లకోట డాక్టరు, హుగ్లీ ఒడ్డు మేడ

కలకత్తాకు సముద్రం లేదు. ఉన్నదల్లా హుగ్లీ. కానీ రోజుకు రెండుసార్లు పోటు తగిలి నది వెనక్కి పారుతుంటే ఆ లోటు తెలియదు. ఓడల కాలంలో సముద్రం మీంచి వచ్చేవాళ్లకు నగరం కన్నా ముందు గార్డెన్‌రీచ్ గట్టున దొరల తెల్లటి మేడలు, ఎదుటి గట్టున పచ్చటి తోట కనిపించేవి. గార్డెన్‌రీచ్ పేరు మన ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు కొత్తేమీ కాదు. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది, దాని ప్రధాన కార్యాలయం అక్కడే. ఇప్పుడా గట్టును రేవులు, ఓడల కార్ఖానాలు ఆక్రమించాయి. ఎదుటి తోట మాత్రం అలాగే ఉంది.

శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ అది. లెక్కకు హౌరా జిల్లా, కలకత్తావాళ్లకు మాత్రం తమ తోటే. 109 హెక్టార్లు. 2009 నుంచి జగదీశ్ చంద్ర బోస్ పేరుతో ఉంది. టికెట్ కొన్నవాళ్లలో నూటికి తొంభైమంది నేరుగా మర్రిచెట్టు దగ్గరికే పోతారు. నదిని ఆనుకుని ఉన్న మూడంతస్తుల పాత మేడ వైపు తిరిగేవాళ్లు తక్కువ. తెలుగువాళ్లయితే ముందు చూడాల్సింది ఆ మేడనే. దాన్ని రాక్స్‌బర్గ్ హౌస్ అంటారు.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్ డాక్టరు. 1776లో మద్రాసు కొలువులో చేరాడు, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. వైద్యం కన్నా మొక్కల మీదే ధ్యాస. ఈస్టిండియా కంపెనీ మిరియాల మీద ఆశ పెట్టుకుంటే ఆయన కాఫీ, దాల్చినచెక్క, సీమపనస, మల్బరీ కూడా పెంచి చూశాడు. రాజమండ్రి సర్కారులో చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో రైతుల దగ్గర తెలుసుకుని రాశాడు. రోజూ వాతావరణం లెక్కలు కట్టేవాడు. వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో జనం తిండికి పనికొచ్చే కొబ్బరి లాంటి చెట్లు విరివిగా నాటాలని పైవాళ్లకు చెప్పాడు. ఇంజరంలో వరద వచ్చి అప్పటిదాకా పోగేసిన మొక్కలు, పుస్తకాలు అన్నీ కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి సింకోనాకు బదులు పనిచేస్తుందేమోనని పరీక్షించాడు కూడా.

స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద లండన్‌లో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చిన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. చాలా మొక్కల దగ్గర తెలుగు పేర్లూ ఉన్నాయి. ఆ బొమ్మలు గీసిన మనవాళ్ల పేర్లు మాత్రం లేవు. చెట్టుకు దక్కిన మర్యాద మనిషికి దక్కలేదన్నమాట!

శిబ్‌పూర్ తోటను 1787లో మొదలుపెట్టింది కర్నల్ రాబర్ట్ కిడ్. బెంగాల్‌ను ఊడ్చేసిన 1770 కరువు ఆయన మనసులో ఉంది, కంపెనీ మనసులో ఓడలకు కావాల్సిన టేకు ఉంది. టేకు అక్కడ కలిసి రాలేదు. 1793లో కిడ్ పోవడంతో సామర్లకోట నుంచి రాక్స్‌బర్గ్‌ను పిలిపించారు. ఆ మేడలో కాపురం పెట్టి ఇరవై ఏళ్లు తోటను నడిపాడు. 1814లో అచ్చయిన జాబితాలో ఇంచుమించు 3,500 రకాలున్నాయి. ఆయన వేయించిన 2,500కు పైగా బొమ్మలు తోటలోని హెర్బేరియంలో ఇప్పటికీ భద్రం.

ఆ తర్వాత ఈ తోట పడని కష్టం లేదు. 1840ల్లో విలియం గ్రిఫిత్ కొత్త పద్ధతి పేరిట పెద్ద చెట్లు కొట్టించాడు. అది చూసి జోసెఫ్ హుకర్ లాంటి వృక్షశాస్త్రజ్ఞులు మండిపడ్డారు. 1864, 1867 తుపానులు మిగిలినవాటిని నేలకూల్చాయి. ఇవాళ మనం చూసే చెరువులు, బాటలు ఎక్కువభాగం 1871లో వచ్చిన జార్జ్ కింగ్ చలవే.

ఇక మర్రి. వయసు 250 ఏళ్లు దాటిందంటారు, అంటే తోట కన్నా పెద్దది. ఆ తుపానుల దెబ్బకు మొదలుకు బూజు పట్టి కుళ్లిపోతే 1925లో తీసేశారు. నడిమాను లేకుండానే వేల ఊడల మీద చెట్టు నిలబడి ఉంది. 2020లో అంఫన్ తుపానుకు తోటలో చెట్లు చాలా కూలాయి, మర్రికీ దెబ్బ తగిలింది.

హౌరా స్టేషన్‌లో దిగినవాళ్లకు ఇది దూరమేమీ కాదు. చలికాలం పొద్దున్నే వెళితే ఎండ బాధ ఉండదు. నది గట్టు వెంట నడిచి ముందు మేడ చూసి, మర్రి దగ్గరికి తర్వాత వెళ్లండి. సామర్లకోట నుంచి వచ్చామని గేటు దగ్గర చెబితే టికెట్ ధర తగ్గించరు లెండి!