మా మేనల్లుడి అద్దాల పెట్టె

2024 వేసవి సెలవులు మొదలైన నాలుగోనాడు ఆళ్లగడ్డ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది.

"అన్నా, నువ్వొకసారి వచ్చి వీడికి బుద్ధి చెప్పాల. ఎనభై ఆరు వేలు పోసి కంప్యూటరు చేసుకుంటాడంట. దానికి అద్దం తలుపంట, లోపల రంగుదీపాలంట! ఆ దుడ్డు మీ బావ రాళ్లకు అడ్వాన్సు ఇయ్యాలని పెట్టుకున్యాడు" అన్నది.

బుద్ధి చెప్పటం మా వృత్తి. పైగా మేనమామను. నంద్యాలలో వెంటనే బస్సెక్కాను. ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. శిరివెళ్ల దాటేసరికి వాడికి చెప్పవలసిన మాటలన్నీ ఒక గంట పాఠానికి సరిపడా పేర్చుకున్నాను. తీరా దిగిన తర్వాత ఆ పాఠం చెప్పనే లేదు. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ముందు నా సంగతి కొంత చెప్పుకోవాలి.

2005లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా యింటికొక కంప్యూటరు వచ్చింది. పెద్ద కంపెనీ పెట్టె కొనే స్తోమతు అప్పుడు మాబోటివాళ్లకు లేదు. వూళ్లోని చిన్న దుకాణాలవారు సికింద్రాబాదు నుంచి భాగాలు తెప్పించి బిగించి యిచ్చేవారు. వాటిని 'అసెంబుల్డు' అనేవాళ్లం. బియ్యపు బస్తాకు తీసిపోని మానిటరు, దాని పక్కన రేకు పెట్టె. మా ఆవిడ రెంటికీ అంచు కుట్టిన గుడ్డ తొడుగులు వేసింది. వచ్చేవాళ్లకు కనబడేలాగున ముందుగదిలోనే పెట్టాం. ఆయుధపూజనాడు బొట్టు పెట్టాం. పక్కింటివాళ్లు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి చూపించి వెళ్లేవారు. మరి అదీ ప్రదర్శనే కదా! ఇప్పటి కుర్రవాళ్లను అనటానికి మనకేమంత అధికారం వుందని? తేడా అల్లా, మేము తొడుగు చూపించేవాళ్లం. లోపల యేముందో మాకే తెలియదు.

ఆ తెలియకపోవటం వల్ల నాకు జరిగిన నష్టం యింతా అంతా కాదు. మా అవ్వ పాటలు పాడేది. కలుపు తీసేటప్పటివి, జొన్నలు విసిరేటప్పటివి, వడ్లు దంచేటప్పటివి. రెండు వేసవులు ఆళ్లగడ్డలో ఆమె పక్కన కూచుని కాగితాల మీద రాసుకున్నాను. తర్వాత అవన్నీ కంప్యూటరులోకి యెక్కించి, యిహ యెందుకులే అని కాగితాలు పారేశాను. ఒకనాటి సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. పెట్టెలో 'టప్' మని చప్పుడు, వెంటనే కాలిన కంపు. గోడలోని కరెంటును పన్నెండు వోల్టులుగా, అయిదు వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచే డబ్బా ఒకటుంటుంది, యస్.యం.పి.యస్. అంటారు. అది పేలింది. పోతూ పోతూ హార్డుడిస్కును కూడా తీసుకుపోయింది.

తర్వాత పెట్టె విప్పి చూసిన మరొక కుర్రవాడు ఆ డబ్బాను అరచేతిలో వుంచి, "దీంట్లో బరువే లేదు సార్" అన్నాడు. పైన 450 వాట్లని చీటీ అంటించివుంది. లోపల వుండవలసిన తీగచుట్టలూ కెపాసిటర్లూ సగమైనా లేవు. మా అవ్వ ఆ మరుసటి యేడు పోయింది.

అందుచేత ఆళ్లగడ్డలో మా మేనల్లుడు మంచం మీద నోటుపుస్తకం పరిచి జాబితా చూపగానే, వేసుకొచ్చిన పాఠం మరచిపోయి, "యస్.యం.పి.యస్. యేది పెడుతున్నావురా?" అని అడిగాను.

"650 వాట్లది మామా. అయిదేండ్లు గ్యారంటీ. ఆరు వేలు."

"అద్దంలోంచి కనపడుతుందా?"

"కనపడదు. అడుగున రేకుమూత కింద వుంటాది."

కనపడనిదానికి ఆరువేలా అని మా చెల్లెలు గుండెలు బాదుకుంది. నేను మాత్రం ఆ క్షణంలోనే వాడి పక్షం చేరిపోయాను.

ఇహ మిగిలింది మా బావ. ఆళ్లగడ్డ అంటే శిల్పాల వూరు. అహోబిలం వెళ్లేవాళ్లు చూసేవుంటారు. రోడ్డు వారనే నల్లరాతి విగ్రహాలు, సగం చెక్కినవీ పూర్తయినవీ, వరసగా నిలబడి వుంటాయి. మా బావ ఆ పనివాడు. కొడుకు వులి పట్టలేదన్న దిగులు ఆయనకు ముందే వుంది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నిక్కచ్చిగా వుంది.

"బోర్డు ఒకడు చేస్తాడు, పెట్టె ఇంకొకడు, ప్రాసెసరు మరొకడు. ఒకని మొగం ఒకడు చూసింది లేదు. అవన్నీ సరిగా అతుకుతాయని ఏంది బావా నమ్మకం?"

నాకు తెలిసినంత చెప్పాను. 1981 ఆగస్టు 12న అమెరికాలో ఐ.బి.యం. వారు 5150 అనే చిన్న కంప్యూటరును విడుదల చేశారు. తొందరలో వుండి, అన్నీ సొంతంగా తయారుచేసుకొనే తమ పాత అలవాటు మాని, ప్రాసెసరు ఇంటెలు దగ్గర, డాస్ మైక్రోసాఫ్టు దగ్గర తీసుకున్నారు. అంతటితో ఆగక, లోపలి తీగల పటాలతో సహా పుస్తకం అచ్చువేసి అమ్మారు. ఇతరులు దానికి సరిపడే కార్డులు చేసి అమ్ముకుంటే తమ యంత్రానికే గిరాకీ అని వారి లెక్క. 1982లో పుట్టిన కాంపాక్ కంపెనీ యింకో అడుగు వేసింది. ఐ.బి.యం. వారి చేతిలో కాపీహక్కుగా మిగిలింది యంత్రాన్ని నిద్రలేపే 'బయోస్' ఒక్కటే. దానిని కాంపాక్ వారు తమంతట తాము వేరే రాసుకొని, అచ్చంగా అలాగే పనిచేసే కంప్యూటరును తయారుచేశారు. ఆ తర్వాత యెందరెందరో! తెలుగు కూడా అలా ఖాళీగా వుంచిన అరలోంచే లోపలికి వచ్చింది. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై పుణె సి-డాక్ వారి చేతిలో పెరిగిన జిస్ట్ కార్డును ఆ అరలో గుచ్చితే, ఇంగ్లీషు తప్ప యెరగని పెట్టె తెలుగు అక్షరాలు చూపించేది. తెలుగు మేష్టరును గనుక యీ ముక్క కాస్త గొంతు పెంచి చెప్పాను.

"1995లో ఇంటెలు వారు ఏ.టి.ఎక్స్. అని కొలతలు నిర్ణయించినారు బావా. బోర్డు పొడవు 305 మిల్లీమీటర్లు, వెడల్పు 244. మర బిగించే చిల్లి ఫలానా చోట వుండాల. చేసేది ఎవరైనా సరే."

బావ కొంచెం సేపు వూరుకొని, "అయితే దీనికీ తాళమానం వున్నదన్నమాట" అన్నాడు.

శిల్పులకు ముఖం పొడవు ఒక తాళం. దానిని పన్నెండు అంగుళాలుగా విభజిస్తారు. నవతాళ విగ్రహమంటే 108 అంగుళాలు, ఉత్తమ దశతాళమంటే 124. విగ్రహం జానెడైనా నిలువెత్తైనా లెక్క అదే. ఆయనకు అర్థమయ్యేలా నేను చెప్పానో, నాకు అర్థమయ్యేలా ఆయనే చెప్పాడో గాని, బేరం అక్కడ కుదిరింది. బావ యాభై వేలు, నేను ఇరవై వేలు, పోస్టర్లు తయారుచేసి వాడు కూడబెట్టుకున్న పదహారు వేలు.

వాడికి కావలసిందేమిటో కూడా చెప్పాలి. దూరదేశాల ఆలయాల వాళ్లు రాతిమీద వులి పడకముందే విగ్రహం యెలా వుంటుందో నాలుగు వైపుల నుంచీ చూపమంటారు. అలాంటి బొమ్మను బ్లెండరు అనే సాఫ్టువేరులో తయారుచేస్తాడు వాడు. దానికి పైసా పెట్టనక్కరలేదు. దాన్ని పెట్టిన కంపెనీ మూతబడితే, 2002లో వాడుకరులే చందాలు వేసుకొని లక్ష యూరోలు కట్టి విడిపించుకున్నారు. అయితే సాఫ్టువేరు వుచితమైనా బొమ్మకు వెలుగునీడలు దిద్దే పని మహా భారమైనది. వాడి పాత లాప్‌టాప్ ఒక్క బొమ్మకు రాత్రంతా తీసుకొనేది. అందుకే జాబితాలో అన్నిటికన్నా ఖరీదు గ్రాఫిక్సు కార్డుది, ఇరవై తొమ్మిది వేలు. 2020, 21 సంవత్సరాలలో క్రిప్టో నాణేలు తవ్వేవాళ్లు యీ కార్డులన్నీ యెగరేసుకుపోయి ధరలు మండించారు. 2022 సెప్టెంబరులో ఈథీరియం వాళ్లు ఆ పద్ధతి మానుకున్నాక గాని మామూలువాళ్లకు వూపిరాడలేదు.

మామా అల్లుళ్లం సికింద్రాబాదు పారక్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాం. ఒక దుకాణంలో చెప్పిన ధర కాగితం మీద రాసుకొని పక్క దుకాణంలో చూపటం, అక్కడ తగ్గించింది మళ్లీ యిక్కడ చూపటం. పట్టుచీరల కొట్లలో మా ఆవిడ చేసేదీ యిదే. నేను మాత్రం యస్.యం.పి.యస్.ను చేతిలోకి తీసుకొని తూచి చూశాను. బరువుగానే వుంది. రంగుదీపాలు వద్దన్నాను గాని, మేము అడిగిన ధరలో దీపాలు లేని ఫ్యాన్లే దొరకలేదు!

బిగించటం నంద్యాలలో మా భోజనాల బల్ల మీద. బావ కూడా వచ్చాడు. వాడు ముందుగా రేకుపెట్టెను తాకి వొంట్లోని విద్యుత్తును వదిలించుకున్నాడు. బోర్డు మధ్య గుంటలో 1718 తీగకొనలు, వెంట్రుక కొసల్లాగా. ఒక్కటి వంగినా పన్నెండు వేల బోర్డు పోయినట్టే. ప్రాసెసరును చేతిలోకి తీసుకున్నవాడు ఆగి, "నాయనా, నీ చెయ్యి వణకదు. నువ్వు పెట్టు" అన్నాడు. మూలనున్న చిన్న త్రికోణం గుర్తు యెటు వుండాలో చూపించాడు. బావ ధోవతికి చేతులు తుడుచుకొని, వంగి, నొక్కకుండా దించాడు. ఆ తర్వాత శనగగింజంత చలవలేపనం, దానిమీద ఫ్యాను. తీగలు వెనకవైపుకు లాగి కట్టటానికే రెండు గంటలు పట్టింది.

మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే వుంది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. మా ఆవిడ దేవుడిగది వైపు చూసింది. నాకు పాత కాలిన కంపు ముక్కుకు తగిలినట్టయి స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ముట్టుకోవద్దు మామా! మెమొరీకి శిక్షణ ఇస్తాంది!"

కొత్తరకం డి.డి.ఆర్. 5 మెమొరీకి అది రివాజట. మొదటిసారి బోర్డు ఆ మెమొరీతో యే వేగంతో మాట్లాడితే తప్పు రాదో మళ్లీ మళ్లీ పరీక్షించి రాసిపెట్టుకుంటుంది. అంతసేపూ తెర నల్లగానే వుంటుంది. ఈ సంగతి తెలియక యెందరు స్విచ్చి తీసేసి దుకాణాల మీదికి పోయారో! నాలుగు నిమిషాలు దాటాక అక్షరాలు కనపడ్డాయి. బావ అప్పుడు కూచున్నాడు.

ఆళ్లగడ్డకు తీసుకువెళ్లటం మరొక ప్రహసనం. బరువైన గ్రాఫిక్సు కార్డు కుదుపులకు అర విరగ్గొడుతుందని దాన్ని వూడదీసి వేరే పెట్టెలో, అద్దం తలుపు దుప్పట్లో చుట్టి, కారు బాడుగకు మాట్లాడుకొని వొళ్లో పెట్టుకొని తీసుకెళ్లాం. తీరా చూస్తే యింట్లో ప్లగ్గు మూడో చిల్లికి ఎర్తు లేనే లేదు. యెంత మంచి యస్.యం.పి.యస్. అయినా ఎర్తు లేకపోతే పెట్టె ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది. మరునాడు బావ పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ వుప్పూ వేసి, ఎలక్ట్రీషియను చేత గొట్టం దింపించాడు. ఆ తర్వాత రాతిదుమ్ము. గ్రైండరు తిరిగితే పిండిలాంటి దుమ్ము వీధంతా. అందుకని బయటిగాలి లోపలికి తోసే ఫ్యాన్లు మూడు, బయటికి లాగేది ఒకటే. లోపల గాలి వత్తిడి యెక్కువగా వుంటే సందుల్లోంచి దుమ్ము చొరబడదు. వచ్చే గాలికి జల్లెడ. దాన్ని ప్రతి ఆదివారం కడగాలి; ఆ పని మా చెల్లెలిది.

స్వీడనులో 1994లో ఒక బడిలో యిలాగే కుర్రవాళ్లు తమ కంప్యూటర్లు మోసుకొచ్చి ఒకచోట చేరారు. అదే డ్రీమ్‌హ్యాక్ పేరుతో వేలమంది చేరే తిరునాళ్ల అయింది. అద్దాలూ రంగులూ అలాంటి చోట్లనే ప్రబలాయి. ఆళ్లగడ్డలో తిరునాళ్ల మా చెల్లెలి వరండాలోనే. పిల్లలు దీపాలు చూసి నోరు తెరుస్తారు. బావ వాళ్లను పెట్టె వెనక్కు తీసుకుపోయి, వెనక రేకు తానే వూడదీసి, బారుగా కట్టిన తీగలు చూపిస్తాడు. విగ్రహం వీపు కూడా ముఖమంత శ్రద్ధగా చెక్కుతాడని ఆయనకు పేరు.

వాడు చేసిన మొదటి బొమ్మ లక్ష్మీనరసింహుడిది. రాత్రంతా పట్టేది యిప్పుడు పది నిమిషాలలో తయారైంది. బావ దారం తెచ్చి తెర మీదనే కొలిచి, "చెయ్యి రెండంగుళాలు పొట్టి" అని తేల్చాడు. వాడు మాట్లాడకుండా దిద్దాడు. ఆ తర్వాత ఆర్డర్లు రెండు వచ్చాయి, ఒకటి వెనక్కుపోయింది. ఆ యేడు రాళ్లు శ్రావణం దాటాక గాని రాలేదు. బావ సమయం దొరికినప్పుడల్లా ఆ మాట యెత్తుతూనే వుంటాడు.

పోయినసారి వెళ్లినప్పుడు మా చెల్లెలు జల్లెడ కడుగుతూ అవ్వ పాట ఒకటి కూనిరాగం తీసింది. నేను వులిక్కిపడ్డాను. దానికి ఇన్ని గుర్తున్నాయని నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు కూడా. గ్రైండరు ఆపించి, దాన్ని కూచోబెట్టి మా మేనల్లుడు రికార్డు చేశాడు. మూడు వేరు వేరు చోట్ల కాపీలు పెట్టాడు. కాగితం మీద కూడా రాశాను, యీసారి పారేయలేదు. ఇప్పటికి పదిహేడు పాటలు చేరాయి. వడ్లు దంచే పాటలో రెండో చరణం మాత్రం మా యిద్దరికీ గుర్తు రావటం లేదు.