ఆ ఫార్ములాలో స్ప్రింగ్ ఎక్కడుంది?

మెకానికల్ బీటెక్ అయ్యాక నేను వెళ్లిన మొదటి కోర్ ఇంటర్వ్యూ అది. రెజ్యుమెలో హాబీల దగ్గర ‘డ్రాగ్ రేసింగ్ వీడియోలు చూడటం’ అని రాసుకున్నా. ప్యానెల్‌లో ఒకాయన దాన్నే పట్టుకున్నారు. ‘‘డ్రాగ్ రేసుకు పికప్ ట్రక్ ముందు సస్పెన్షన్ ఎలా సెట్ చేస్తారు?’’ అని అడిగారు. ‘‘మెత్తటి స్ప్రింగులు వేస్తారు సార్. బరువు ఎక్కువగా వెనక్కి వెళ్తుంది’’ అని టక్కున చెప్పేశా. ‘‘సరే, ఆ బరువు లెక్కకట్టే ఫార్ములా రాయండి’’ అన్నారు. రాశా. ‘‘ఇందులో స్ప్రింగ్ ఎక్కడుంది?’’

నా దగ్గర జవాబు లేదు. ఆ ఉద్యోగమూ రాలేదు. ప్రశ్న మాత్రం చాలా రోజులు వెంటాడింది. కోర్ ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నవాళ్లు ఒకసారి దీని సంగతి చూడండి.

పికప్‌తో చిక్కేంటి?

డ్రాగ్ రేసు అంటే ఆగి ఉన్న బండి తిన్నగా పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు దూసుకెళ్లడం. అమెరికాలో ఈ పోటీలు నిర్వహించే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ 1951లో మొదలైంది. అక్కడ షెవర్లే ఎస్-10 లాంటి చిన్న పికప్‌లను సొంత గ్యారేజీలోనే రేసుకు సిద్ధం చేసుకునేవాళ్లు ఉంటారు. పికప్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్, క్యాబిన్ అన్నీ ముందువైపే. వెనక ఖాళీ తొట్టి. బండిని తోసేవి మాత్రం వెనక చక్రాలు. వాటిమీద చాలినంత బరువు పడకపోతే ఎంత పవర్ ఉన్నా టైర్లు గిర్రున తిరిగి పొగ వదులుతాయి, బండి ముందుకు దూకదు.

ముందు లెక్క చూద్దాం

బండి వేగం అందుకునేటప్పుడు ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకు మారే భారం ఇదీ: బండి బరువు × త్వరణం (జీలలో) × గరిమనాభి ఎత్తు ÷ వీల్‌బేస్.

ఉదాహరణకు 1,500 కిలోల ట్రక్ తీసుకుందాం. ఆగి ఉన్నప్పుడు ముందు 870, వెనక 630 కిలోలు. గరిమనాభి ఎత్తు 0.55 మీటర్లు, వీల్‌బేస్ 2.75 మీటర్లు. త్వరణం అర జీ ఉంటే 150 కిలోలు వెనక్కి మారతాయి. వెనక చక్రాల మీద భారం 780 కిలోలవుతుంది. ఒక జీ అయితే మారేది 300 కిలోలు.

చూశారుగా, స్ప్రింగ్ ఎక్కడా లేదు. గట్టిదైనా మెత్తదైనా ఆ 150 దాదాపు 150గానే ఉంటుంది. మరి రేసర్లు స్ప్రింగులు ఎందుకు మారుస్తారు?

‘ఎంత’ కాదు, ‘ఎలా’

ముందు నుంచి 150 కిలోలు తగ్గాయంటే ఒక్కో చక్రం వైపు 75. చక్రం దగ్గర స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకు 5 కిలోలు ఉంటే బండి ముందుభాగం 15 మి.మీ. లేస్తుంది. రెండున్నర కిలోలే ఉంటే 30 మి.మీ. లేస్తుంది. దీంతో గరిమనాభి కాస్త పైకి పోతుంది కానీ, దానివల్ల అదనంగా మారే భారం స్వల్పమే. అసలు తేడా ఆ భారం వెనక టైర్ల మీదకు ఎంతసేపట్లో, ఎంత సాఫీగా చేరుతుందన్నదే. దాన్ని అదుపు చేసేది స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ జోడీ.

రేసర్లు ‘90/10’ అని పిలిచే షాక్‌లు సాగేటప్పుడు తేలిగ్గా వదులుతాయి, నొక్కుకునేటప్పుడు గట్టిగా ఆపుతాయి. అందుకే గేరు మారే క్షణంలో తోపు తగ్గినా, లేచిన ముందుభాగం వెంటనే కిందికి పడిపోదు. అలాగని మరీ వదులుగా ఉంచినా ఇబ్బందే. సస్పెన్షన్ చివరిదాకా సాగి ‘ధన్’మని ఆగితే ఆ కుదుపుకు వెనక టైర్ల మీద భారం ఒక్క క్షణం తగ్గి పట్టు జారుతుంది. అందుకే పవర్ ఎక్కువున్న ట్రక్కుల్లో షాక్ సాగుడును బిగిస్తారు, ఎంతవరకు సాగాలో కట్టడి చేసే లిమిటర్లు పెడతారు.

సెట్టింగ్ వరస

మొదట అరిగిపోయిన బుష్‌లు, బాల్ జాయింట్లు మార్చాలి. అవి పట్టేస్తుంటే షాక్‌ను ఎంత తిప్పినా ఫలితం కనిపించదు.

తర్వాత ఛాసిస్‌ను జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాలను వేలాడనివ్వాలి. బ్రేక్ హోస్‌లు బిగుసుకోకూడదు, బాల్ జాయింట్లు చివరికంటా వంగి ఇరుక్కోకూడదు.

ముందు యాంటీరోల్ బార్‌ను ట్రాక్ మీద మాత్రమే నడిపే ట్రక్కుల్లో కొందరు తీసేస్తారు. రోడ్డు మీద తిరిగే బండికి ఆ పని చేస్తే మలుపుల్లో మరింత ఒరుగుతుంది.

టో కొలతను మామూలు ఎత్తులోనే కాదు, ముందుభాగాన్ని 25, 50 మి.మీ. లేపి కూడా చూడాలి. లేచినప్పుడు టో బాగా మారిపోతే వేగంలో బండి తిన్నగా పోదు. పాజిటివ్ క్యాస్టర్ తగినంత ఉంటే స్టీరింగ్ నిలకడగా ఉంటుంది.

చివరగా, ఒకసారికి ఒక్కటే మార్చాలి. ట్రాక్‌లో ఇచ్చే టైమ్ స్లిప్‌లో మొదటి 60 అడుగుల సమయం ఉంటుంది. మార్పు పనిచేసిందో లేదో ముందు చెప్పేది అదే. పక్క నుంచి వీడియో తీస్తే ముందుభాగం ఎంత లేచిందో, ఎక్కడ కుదిపిందో తెలుస్తుంది. రెండు మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

మీకేం లాభం?

బ్రేక్ వేస్తే బైక్ ముందు ఫోర్క్ ఎందుకు దిగుతుంది? ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక్కసారిగా లాగితే ముందు చక్రం ఎందుకు తేలికవుతుంది? అన్నిటికీ మూలం ఇదే లెక్క. ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న వస్తే నాలా తొందరపడొద్దు. ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయండి, ఏమేం అనుకున్నారో చెప్పండి, ఒక అంకె తీసుకురండి. ఆ ఫార్ములా ఏం చెప్పదో కూడా చెప్పండి. చాలామంది వదిలేసేది ఆ చివరి మాటే.

కాలేజీలో బాహా, ఫార్ములా స్టూడెంట్ టీముల్లో ఉన్నవాళ్లు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏం మార్చాం, ఏం జరుగుతుందనుకున్నాం, ఏం జరిగింది అన్న మూడు గడులు చాలు. టీములో ఏం చేశావని అడిగినప్పుడు సర్టిఫికెట్ కన్నా ఆ పేజీల్లోని సంగతులే మీకు మాటలందిస్తాయి.

ఇంకో మాట. ఇవన్నీ ట్రాక్ మీద, హెల్మెట్, బెల్టు, మార్షల్స్ ఉన్నచోట చేసే ప్రయోగాలు. రాత్రిపూట హైవే మీదో, రింగు రోడ్డు మీదో చేసేవి కావు. ఇంటర్వ్యూ పోతే ఇంకోటి వస్తుంది. నాకూ వచ్చింది.