మోకాలి నొప్పికి నంద్యాల ప్రయాణమా?

కుందూ నది పరీవాహకంలోని మా కోయిలకుంట్ల ప్రాంతంలో, నల్లరేగడి చేలలో వంగి పనిచేసే స్త్రీలకు నడివయస్సులోనే మోకాళ్ళు పట్టుకుపోవడం నేను తరచుగా చూస్తున్నాను. ఎముకల నిపుణుని కోసం నంద్యాలకో కర్నూలుకో వెళితే ఆనాటి కూలి పోతుంది. తోడుగా మరొకరు రావలసి ఉంటుంది. అందువల్ల చాలామంది నొప్పిని ఓర్చుకొని నడక తగ్గిస్తారు. తొడ కండరాలు సన్నగిల్లి నొప్పి మరింత పెరుగుతుంది.

ఆయుర్వేదం దీనిని సంధిగత వాతమన్నది; ఆధునిక వైద్యులు కీళ్ళ అరుగుదల అంటారు. దీనికి మొదటి చికిత్స శస్త్రచికిత్స కాదు. తగిన వ్యాయామం, అధిక బరువు తగ్గించుకోవడం ముఖ్యం. ఇవి నేర్పడానికి పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. ఇంగ్లండులో కుటుంబ వైద్యుని క్లినిక్‌లోనే ఫిజియోథెరపిస్టులు కీళ్ళు, నడుము పరీక్షిస్తున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామానికి వెళ్ళే పద్ధతి మన రాష్ట్రమంతటా 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అటువంటి రోజున వ్యాయామం నేర్పేవారు కూడా వెంట ఉంటే ఎన్నో ప్రయాణాలు తప్పుతాయి.

ఇంటిలో చేయదగినవి

కాళ్ళు చాపి కూర్చొని, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలు ఉంచి, మోకాలితో దానిని 5 సెకన్లు అదిమి వదలండి. ఉదయం, సాయంత్రం 10 సార్లు చొప్పున చేయండి. గోరువెచ్చని నువ్వుల నూనెతో మృదువుగా మర్దన చేసి, కాపడం పెట్టుకొనవచ్చును. ఎర్రబడి వాచిన కీలుకు కాపడం, మర్దన కూడవు.

హెచ్చరిక

పడిన తరువాత కాలు మోపలేకపోయినా, జ్వరంతో కీలు వాచినా ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికే వెళ్ళాలి. నిపుణుని సమయం ఇట్టివారికి దక్కాలంటే, తక్కినవారికి వైద్యం ఊరిలోనే అందాలి.