బొమ్మలోని బెటోనీ – పచ్చికలోని బెటోనీ

తులసి, పుదీనా, మరువము, సబ్జా – ఇవన్నీ మన పెరటిలో పెరిగే ఒకే కుటుంబపు మొక్కలు. ఇదే కుటుంబంలో పుట్టి, మన దేశపు నేలపై స్వయంగా మొలకెత్తని అడవి మూలిక ఒకటి యూరపు ఖండంలో ఉన్నది. దాని పేరు బెటోనీ. ఆ ఖండపు గృహవైద్యంలో అది అనేక శతాబ్దాలపాటు పొందిన గౌరవాన్ని మన ఇళ్ళలో తులసికి దక్కే గౌరవంతోనే పోల్చవలసి ఉంటుంది. ఒంటిమీది అంగీని అమ్మి అయినా బెటోనీని కొనుక్కోవలెనని ఇటలీలో ఒక సామెత కూడా కలదు.

మన ఊళ్ళలో దొరకని మూలికను గూర్చి ఇక్కడ వ్రాయడమెందుకని పాఠకులు అడుగవచ్చును. కారణం ఉన్నది. విదేశాలలో స్థిరపడిన మన పిల్లల ఇళ్ళలోనికి ఈ పేరు ఎండుటాకు పొట్లాల రూపంలో, టీ పొడుల రూపంలో వస్తున్నది. పొట్లం మీది పేరు ఒకటే గాని లోపలి ఆకు మాత్రం అన్నిటిలోను ఒకటి కాదు. మూలికను పేరును బట్టి కాక రూపాన్ని బట్టి గుర్తించడం ఎంత అవసరమో, అది ఎంత కష్టమో తెలుపడానికి బెటోనీ చరిత్రను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

ముందుగా మొక్కను చూద్దాము. ఎక్కువ ఎరువు పడని పచ్చిక బయళ్ళు, పొలాల కంచెగట్లు, వెలుతురు సోకే అడవి అంచులు దీని నివాసస్థానాలు. ఇంగ్లండు, వేల్సులలో బాగా కనిపిస్తుంది; స్కాట్లండులో అరుదు. కొన్నేళ్ళ క్రితం జూలై మాసంలో దక్షిణ ఇంగ్లండులోని ఒక గట్టు ప్రక్కన కూర్చుండి దీనిని తీరికగా పరిశీలించే అవకాశం నాకు కలిగినది. అడుగు నుండి రెండడుగుల ఎత్తు. కాండాన్ని వ్రేళ్ళ మధ్య దొర్లిస్తే నునుపుగా దొర్లదు. నాలుగు పలకలు చేతికి తగులుతాయి. పుదీనా కాడను అట్లాగే దొర్లించి చూడండి, ఇదే తెలుస్తుంది. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. నేలకు అంటియున్న ఆకులకు పొడవైన తొడిమలు, అంచు పొడవునా గుండ్రని నొక్కులు. కాండం మీద మాత్రం ఆకు జంటలు రెండు మూడే, అవి కూడ దూరదూరంగా.

పూలు గులాబి కలిసిన ఊదారంగు. ప్రతి పూవుకు తులసి పూవు వలెనే పై పెదవి, క్రింది పెదవి ఉంటాయి. కొన భాగంలో పూలన్నీ గట్టిగా కుదించిన కంకివలె కూడి, దాని క్రింద కొంత ఖాళీ విడిచి, మరల ఒక చిన్న పూల వలయం, దానికి ఆసరాగా ఒక ఆకు జంట సాధారణంగా కనిపిస్తాయి. నా దృష్టిలో ఈ ఖాళీయే బెటోనీ వేసుకున్న ముద్ర. తులసి కుటుంబమని ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నవారికి నిరాశ తప్పదు. ఆ పరిమళం దీనికి లేదు. తేనెటీగలు, తుమ్మెదలు మాత్రం మధ్యాహ్నమంతా దానిని విడువలేదు.

ఇటువంటి గట్లు, పచ్చికలు ఇప్పుడు ఎన్నో మిగలలేదు. 1930ల నుండి 1984 వరకు గల కాలంలో ఇంగ్లండు, వేల్సులలోని పూల పచ్చిక బయళ్ళలో 97 శాతం దున్నకాలకు, రసాయనిక ఎరువులకు పోయినవని అక్కడి పరిశీలకులు లెక్క తేల్చినారు. మొక్కను ప్రత్యక్షంగా చూడగలిగిన చోట్లు తగ్గినకొద్దీ బొమ్మ మీద ఆధారపడడం ఎక్కువవుతుంది.

ఇక దాని కీర్తి. మొదటి శతాబ్దపు రోమను రచయిత ప్లీనీ దీనిని ‘వెట్టోనికా’ అని పేర్కొని, స్పెయిను దేశంలోని వెట్టోనులు అనే జాతివారు దీనిని కనుగొన్నారని వ్రాసినాడు. ఈ మొక్క నాటిన ఇంటికి ఏ కీడు రాదని నమ్మేవారట. దీనిని వలయంగా పేర్చి మధ్యలో పాములను విడిస్తే అవి తమను తామే కొట్టుకొని చచ్చిపోతాయన్న విశ్వాసాన్ని కూడ ఆయన నమోదు చేసినాడు. ఆగస్టస్ చక్రవర్తి వైద్యుడు ఆంటోనియస్ మూసా పేరిట బెటోనీ ఒక్కదాని మీదనే ఒక చిన్న గ్రంథం ప్రచారంలో ఉండేది. అది నిజంగా మూసా రచన కాదని పండితుల అభిప్రాయం. అయినా పేరు గొప్పది గనుక గ్రంథం నిలిచినది. దాదాపు వెయ్యి సంవత్సరాల నాటి ఒక ఆంగ్ల మూలికా గ్రంథపు వ్రాతప్రతిలో మొట్టమొదటి అధ్యాయం బెటోనీదే. రాత్రివేళ భయపెట్టే భూతాల నుండి, పీడకలల నుండి అది రక్షిస్తుందని, తల మొదలు కడుపు వరకు అనేక బాధలకు పనికివస్తుందని అందులో ఉన్నది. ఆగస్టు మాసంలో, ఇనుము తగలకుండా పెకలించి, మన్ను దులిపి, నీడన ఆరబెట్టి, వేరుతో సహా పొడి చేయవలెనట. దీనిని చదివి నవ్వనవసరం లేదు. మూలికను సేకరించవలసిన ఋతువు, స్థలము, విధి మన ఆయుర్వేద గ్రంథాలలోను చెప్పబడియున్నవి. పైగా ఆగస్టు నాటికి బెటోనీ పూచి ఉంటుంది. గుర్తించుటకు అంతకన్న అనుకూలమైన సమయం లేదు.

ఈ వ్రాతప్రతి లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. 1731లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని కూడ మిగిలినది. అందులో రంగుల బొమ్మలు ఉన్నవి. కాని ఆ నాటి బొమ్మలను మనం అనుకునే అర్థంలో మొక్కల చిత్రాలనలేము. ఎదుట మొక్కను పెట్టుకొని గీసినవి కావు అవి. పాత ప్రతిలోని బొమ్మను చూచి కొత్త ప్రతిలో దింపినవి. ఒకడు గీసిన ఆకు నొక్కులను తరువాతివాడు నునుపు చేస్తాడు, ఆ తరువాతివాడు రెండు వైపులా సమానంగా సర్దుతాడు, ఇంకొకడు అందం కొరకు వేరును పెద్దది చేస్తాడు. కొన్ని తరాల తరువాత ఆ బొమ్మను చేతబట్టుకొని పొలానికి వెళ్ళినవాడు ఏ మొక్కనైనా బెటోనీ అనుకొనవచ్చును, నిజమైన బెటోనీని కాదని త్రోసివేయనూవచ్చును.

ఆశ్చర్యమేమనగా, ఈ లోపాన్ని ప్లీనీ ఆనాడే పసిగట్టినాడు. కొందరు గ్రీకు రచయితలు మొక్క బొమ్మను గీసి దాని క్రింద గుణాలు వ్రాసేవారని చెబుతూ, ఆ పద్ధతి చూడముచ్చటైనదే గాని మోసపుచ్చుతుందని ఆయన హెచ్చరించినాడు. రంగులు అనేకం, నకలు తీసేవారు తలొక రీతి, మొక్క ఋతువు ఋతువుకూ మారుతుంది, బొమ్మ మాత్రం ఒక్క ఋతువునే చూపుతుంది – ఇవి ఆయన చూపిన కారణాలు. నేటి పుస్తకాలలోని ఛాయాచిత్రాలకు కూడ ఈ చివరి మాట వర్తిస్తుందని నా అభిప్రాయం.

పదహారవ శతాబ్దంలో పరిస్థితి మారినది. జర్మను వైద్యుడు లెయొన్‌హార్ట్ ఫుక్స్ 1542లో బాసెల్ నగరంలో ఐదు వందలకు పైగా చిత్రాలతో ఒక బృహద్గ్రంథం వెలువరించినాడు. బొమ్మలను సజీవమైన మొక్కలను చూచి గీయించినాడు. వెలుగునీడలు దిద్ది చిత్రకారుని నేర్పు చూపించరాదని, మొక్క స్వరూపం దానివలన మరుగుపడరాదని కట్టడి చేసినాడు. చిత్రకారుని అహంకారం కన్న రోగి క్షేమం ముఖ్యమని గ్రహించినవాడు గనుకనే ఈ నిబంధన పెట్టినాడని నేననుకుంటాను. అయినా పనివారిని మరువలేదు. మొక్కను చూచి గీసిన మేయర్, ఆ బొమ్మను చెక్క దిమ్మపైకి ఎక్కించిన ఫుల్‌మౌరర్, దిమ్మను చెక్కిన స్పెక్లె – ఈ ముగ్గురి రూపాలను పేర్లతో సహా గ్రంథం చివర అచ్చు వేయించినాడు.

ఇక్కడ మన తెలుగునాటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తాకు తరలివెళ్ళేవరకు సామర్లకోటలో ఉండి, ఇక్కడి మొక్కలను భారతీయ చిత్రకారుల చేత గీయించినాడు. వాటిలో మూడు వందలు 1795 నుండి 1820 వరకు లండనులో మూడు సంపుటాలుగా అచ్చయినవి. అనేక మొక్కల తెలుగు పేర్లను ఆయన శ్రద్ధగా వ్రాసుకున్నాడు. గీసిన చేతుల పేర్లు మాత్రం ఆ పుటలలో లేవు.

మరల బెటోనీకి వద్దాము. 1790 నుండి 1814 వరకు ఇంగ్లండులో జేమ్స్ సవర్బీ ఆ దేశపు మొక్కలను రెండున్నర వేలకు పైగా చిత్రించి 36 సంపుటాలలో ప్రకటించినాడు. ఇటువంటి శాస్త్రీయ చిత్రం చేతికి వచ్చినప్పుడు పూవు రంగును చూచి ఆగిపోరాదు. రంగు వెలసిపోతుంది, నేలను బట్టి మారుతుంది కూడ. కాండం పలకలుగా ఉన్నదా, ఆకులు ఎదురెదురుగా ఉన్నవా, అంచు ఎట్లున్నది, కంకి ఎక్కడ తెగినది – ఇవి చూడవలెను. చిత్రం అడుగున విడదీసి గీసిన చిన్న భాగాలు అలంకారానికి కావు. చాలాసార్లు అసలు గుర్తు అక్కడే దొరుకుతుంది.

అమెరికాలో ఉన్న నా మేనకోడలు ఒకనాడు ఫోనులో ఒక పొట్లపు ఫోటో పంపి, “మామయ్యా, తలనొప్పికి ఇది మంచిదన్నారు, కాచుకొని త్రాగవచ్చునా?” అని అడిగినది. దానిపై ‘వుడ్ బెటోనీ’ అని మాత్రమే ఉన్నది. శాస్త్రనామం లేదు. అప్పటికి ఆమె గర్భవతి, మూడవ నెల. త్రాగవద్దని, ఆ రోజే వైద్యురాలికి చూపించుకొని రక్తపోటు పరీక్ష చేయించుకోమని చెప్పినాను. ఆమె అట్లే చేసినది. పొట్లం విప్పనే లేదు.

నేను అంత గట్టిగా చెప్పడానికి హేతువు ఇది. ఇంగ్లండులో ‘వుడ్ బెటోనీ’ అంటే మనం పైన చూచిన మొక్క. ఉత్తర అమెరికాలో అదే పేరు పెడిక్యులారిస్ కెనడెన్సిస్ అనే వేరొక మొక్కకు కూడ ఉన్నది. అది తులసి కుటుంబానిది కాదు. దాని ఆకులు ఫెర్నాకుల వలె లోతుగా చీలి ఉంటాయి. వసంతంలో పసుపు లేక ఎరుపు ఛాయ పూలు పూస్తుంది. మన శ్రీగంధపు చెట్టు వలెనే అది ప్రక్క మొక్కల వేళ్ళకు తన వేళ్ళను తగిలించి కొంత ఆహారం గ్రహిస్తుంది. ప్రక్కనున్నది విషపు మొక్క అయితే ఆ విషద్రవ్యాలు కొన్ని ఈ జాతి మొక్కలలోనికి చేరగలవని పరిశోధనలలో తేలినది. పొడిచేసి పొట్లం కట్టిన తరువాత ఇది ఏ వుడ్ బెటోనీయో ఇంటి ఇల్లాలు ఎట్లు చెప్పగలదు? కనుక కొనేవారు శాస్త్రనామం చూడవలెను. యూరపు బెటోనీకి లినేయస్ 1753లో బెటోనికా అఫిసినాలిస్ అని పేరు పెట్టినాడు. తరువాత దానిని స్టాకిస్ అఫిసినాలిస్ అన్నారు. ఇప్పుడు మరల పలువురు పాత పేరుకే మళ్ళినారు. ఈ రెంటిలో ఏది ఉన్నా అది ఒకే మొక్క. ఏదీ లేకపోతే ఆ పొట్లం దుకాణంలోనే ఉండనిండు.

అసలు బెటోనీలో ఏమున్నది? మన పరిభాషలో చెప్పవలెనంటే తిక్త కషాయ రసాలు గల ఓషధి. ఆ వగరు టానిన్ల వలన కలిగినది. అందుచేత నోటిపూతకు, గొంతుమంటకు దాని కషాయాన్ని పుక్కిలించే అలవాటు అర్థవంతమైనదే. తలనొప్పి విషయంలో దానికున్న పెద్దపేరు మాత్రం సంప్రదాయం ఇచ్చినది. దానిని నిలబెట్టగల పెద్ద వైద్య పరీక్షలు లేవు. గర్భిణులు దీనిని వాడరాదని యూరపు మూలికావైద్యులే చెబుతారు. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన తలనొప్పికి, జ్వరంతో మెడ బిగుసుకున్నప్పుడు, చూపు మసకబారినప్పుడు, చేయి కాలు స్వాధీనం తప్పినప్పుడు ఏ ఆకు కషాయంతోనూ కాలయాపన చేయరాదు.

పుక్కిలించడానికి బెటోనీయే కావలెనన్న నియమం లేదు. టానిన్లు సమృద్ధిగా గల కరక్కాయ మనకున్నది. ఒక కరక్కాయ పెచ్చును నలగగొట్టి, రెండు గ్లాసుల నీటిలో సగానికి మరగించి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించి ఉమ్మివేయండి. బెటోనీ బంధువును చూడాలన్న వేడుక ఉంటే తుమ్మి మొక్కను చూడవచ్చును. వినాయక చవితినాడు తుమ్మికూర వండుకునే ఇళ్ళు తెలంగాణలో ఎన్నో ఉన్నవి. అదే పలకల కాండం, అవే ఎదురెదురు ఆకులు, అవే రెండు పెదవుల పూలు – తెల్లనివి. దాని సంస్కృత నామం ద్రోణపుష్పి, అనగా దొన్నెవంటి పూవు గలది. మన నిఘంటుకారులు ఇట్లు పేరులోనే బొమ్మను గీసినారు.

అయినా చిక్కు మనకూ తప్పలేదు. ‘బ్రాహ్మి’ అని అమ్మే ఆకులో రెండు వేర్వేరు మొక్కలు కలవు. మన ఇళ్ళలో సరస్వతి ఆకు అనేది మండూకపర్ణి. నేలమీద ప్రాకే తీగ కణుపు వద్ద పొడవైన తొడిమపై గుండ్రని ఆకు నిలిచి ఉంటుంది. ఆయుర్వేద ఫార్మకోపియాలో బ్రాహ్మిగా నిర్ణయించినది నీటి బ్రాహ్మి. దాని ఆకులు చిన్నవి, దళసరివి, తొడిమ లేకుండా ఎదురెదురుగా ఉంటాయి, తడినేలలో పెరుగుతుంది. వైద్యుడు వ్రాసినది ఈ రెంటిలో ఏదో ముందు అడిగి తెలుసుకొని, పొడిగా కాక ఆకుగా ఉన్నప్పుడే చూచి కొనండి.