పన్ను తీశాక ఆ గుంటలో ఏం జరుగుతుంది?

కింది దవడలో మధ్యగీత నుంచి వెనక్కి లెక్కపెడితే ఆరోది మొదటి దవడ పన్ను. ఇది దాదాపు ఆరేళ్ళ వయసులో పాలపళ్ళన్నిటికీ వెనకాల మొలుస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలా ఇళ్ళలో దీన్నీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా "ఎలాగూ ఊడిపోయేదే కదా" అని ఊరుకుంటారు. కానీ అది ఊడదు, పోతే మళ్ళీ రాదు. నమిలే పనిలో పెద్ద భారం మోసేది, చిన్నప్పుడే పుచ్చి పెద్దయ్యాక పీకించుకోవలసి వచ్చే పళ్ళలో తరచుగా కనిపించేది ఇదే. అందుకే పన్ను తీయించుకోవడం గురించి చెప్పడానికి దీన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

రూట్ కెనాల్ చేసి నిలబెట్టుకోగలిగిన పన్నును నిలబెట్టుకోవడమే మంచిది. వేరు నిలువునా చీలినా, చుట్టూ ఎముక కరిగి పన్ను ఊగుతున్నా, పైభాగమంతా పిప్పయి తొడుగు వేయడానికి కూడా ఆధారం మిగలకపోయినా తీసేయక తప్పదు. అప్పుడు కుర్చీలో కూర్చున్న మనిషిని పట్టుకునే భయం ఒక్కటే, పీకేటప్పుడు నొప్పి పెడుతుందేమో అని. నిజానికి డాక్టరు చేసే పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత శరీరం చేసుకునే పని నెలల పాటు సాగుతుంది. అది సవ్యంగా మొదలవుతుందా లేదా అన్నది మొదటి ఒకటి రెండు రోజుల్లో మనం ఏం చేస్తామన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది.

ముందు ఇంజక్షన్ సంగతి చూద్దాం. మన దగ్గర పళ్ళ డాక్టర్లు ఎక్కువగా వాడే లిగ్నోకైన్‌ను స్వీడన్ రసాయన శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. ఆయన సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. 1948 నుంచి అది మార్కెట్లో దొరుకుతోంది. నరంలో కబురు ముందుకు పాకాలంటే సోడియం కణాలు నరపు పొరలోని సన్నని దారుల గుండా లోపలికి రావాలి. ఈ మందు ఆ దారులను మూసేస్తుంది కాబట్టి నొప్పి కబురు మెదడుకు చేరదు. మందులో కాస్త అడ్రినలిన్ కూడా కలుపుతారు. అది అక్కడి రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, మందు త్వరగా కొట్టుకుపోకుండా ఆపుతుంది. ఇంజక్షన్ చేశాక కొందరికి గుండె కాసేపు దడదడలాడేది దీనివల్లనే.

కింది దవడ పన్నుకైతే సూదిని పన్ను దగ్గర కాక బాగా వెనక, నరం దవడ ఎముకలోకి దిగే చోట వేస్తారు. కాసేపటికి సగం పెదవి, సగం నాలుక మొద్దుబారిపోతాయి. అయినా పన్నును నొక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. నొప్పిని మోసే నరాలు సన్నవి, త్వరగా మత్తుకు లొంగుతాయి. ఒత్తిడిని మోసే నరాలు లావువి, అంత తేలిగ్గా లొంగవు. చాలామంది ఆ నొక్కుడునే నొప్పి అనుకుని, మందు పని చేయలేదని కంగారు పడతారు. ఈ తేడాను డాక్టరు ముందే చెబితే సగం భయం అక్కడే పోతుంది. చీము పట్టిన చోట మాత్రం మందు నిజంగానే సరిగ్గా పట్టదు. అక్కడ ఆమ్లగుణం పెరిగి, మందు నరపు పొరను దాటి లోపలికి పోవడం తగ్గుతుంది. వాపు కాస్త తగ్గాక రమ్మనడానికి అదొక కారణం. కానీ ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవలేక, మింగలేక అవస్థ పడుతుంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

పంటి బాధకు వైద్యశాస్త్రం చాలా రుణపడి ఉంది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ళ వైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి తన పన్నునే పీకించుకున్నాడు. 1846లో విలియం మోర్టన్ అనే మరో పళ్ళ వైద్యుడు ఈథర్ ఇచ్చి ఒక రోగి పన్ను తీశాడు. కొద్ది రోజులకే బోస్టన్ ఆస్పత్రిలో పెద్ద వైద్యుల ముందు అదే ఈథర్‌తో ఒక శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చి చూపించాడు. ఈనాడు ప్రతి ఆపరేషన్ థియేటర్లో ఉన్న మత్తు వైద్యానికి తొలి అడుగులు పడింది పళ్ళ వైద్యుల కుర్చీల దగ్గరే.

పీకడం అంటాం గానీ, డాక్టరు పన్నును పైకి లాగడు. పన్ను దవడ ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. రెంటికీ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు మందాన ఒక పొర ఉంటుంది. అందులోని వేలాది సన్నని పోగులు ఒక కొస వేరులోకి, రెండో కొస ఎముకలోకి దిగి ఉంటాయి. నమిలేటప్పుడు పన్ను వాటి మీద కొంచెం ఊగుతుంది. అన్నంలో చిన్న రాయి తగిలినా చటుక్కున తెలిసేది ఆ పొరలోని నరాల వల్లే. డాక్టరు సన్నని పనిముట్టును చిగురుకూ పన్నుకూ మధ్య దించి ముందు ఆ పోగులను తెంపుతాడు. తర్వాత పటకారుతో పన్నును పట్టుకుని, మొదట కిందికి నొక్కి, ఆపైన బుగ్గ వైపూ నాలుక వైపూ మెల్లగా ఊపుతాడు. పొలంలో పాతిన గుంజను తీసే మనిషి కూడా ముందు అటూ ఇటూ ఊపి గుంట వెడల్పు చేశాకే పైకెత్తుతాడు. కింది మొదటి దవడ పన్నుకు సాధారణంగా రెండు వేళ్ళుంటాయి. ఎముక కాస్త సాగి దారి ఇచ్చాక పన్ను దానంతటదే లేచి వస్తుంది. ఆ సాగడానికి టైము ఇవ్వని తొందరలోనే వేళ్ళు విరుగుతాయి.

పై దవడ పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుందన్న భయం మన పల్లెల్లోనే కాదు, పట్నాల్లోనూ ఉంది. పంటి స్పర్శను మోసే నరానికి మూడు కొమ్మలు. ఒకటి కంటి చుట్టూ, నుదుటి మీద, ఒకటి పై దవడలో, ఒకటి కింది దవడలో విస్తరిస్తాయి. పంటిపోటు కంటి వెనక లాగినట్టు అనిపించడానికి కారణం ఈ చుట్టరికమే. చూపును మోసే నరం పూర్తిగా వేరు. అది కంటి వెనక నుంచి నేరుగా మెదడుకు పోతుంది, పళ్ళ దగ్గరికి రాదు. పై దవడ పళ్ళ విషయంలో జాగ్రత్త పడవలసింది కంటి గురించి కాదు, సైనస్ గురించి. ఆ వేళ్ళ కొసలకు, సైనస్ గదికి మధ్య చాలా పల్చటి ఎముకే ఉంటుంది. పన్ను తీశాక కొన్ని రోజులు ముక్కు గట్టిగా చీదవద్దనేది అందుకే.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. పన్ను వచ్చేయగానే ఆ గుంట రక్తంతో నిండుతుంది. తెగిన రక్తనాళాల అంచులకు ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఫైబ్రిన్ పోగులుగా మారి వాటిని వలలా బిగిస్తుంది. అలా గుంట నిండా ముదురెరుపు గడ్డ ఒకటి ఏర్పడుతుంది. డాక్టరు గాజుగుడ్డ మడిచి పెట్టి అరగంటో ముప్పావుగంటో గట్టిగా కరిచిపట్టమనేది ఆ గడ్డ కుదురుకోవడానికే. నిమిషానికోసారి తీసి చూసుకుంటే కుదురుకుంటున్న గడ్డ గుడ్డతోపాటు ఊడి వస్తుంది. ఒక చుక్క రక్తం లాలాజలంలో కలిసినా నోరంతా ఎర్రబడుతుంది కాబట్టి, చూసేవాళ్ళకు రక్తం కారుతూనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ రాత్రి దిండు మీద లేత ఎరుపు మరకలు పడితే భయపడనక్కర్లేదు. గుడ్డ కరిచిపట్టినా నోరు రక్తంతో నిండుతూనే ఉంటే మాత్రం డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఈ గడ్డ రక్తాన్ని ఆపేందుకు మాత్రమే కాదు. కొత్త కణజాలం, దాని వెంట కొత్త ఎముక దీని పోగులను పట్టుకునే లోపలికి పాకుతాయి. పన్ను తీశాక చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదొక్కటే. ఊస్తే, పుక్కిలిస్తే, స్ట్రాతో పీలిస్తే, సిగరెట్ లాగితే నోట్లో పుట్టే ఒత్తిడికి గడ్డ కదులుతుంది. మరీ వేడివి తాగితే ముడుచుకున్న రక్తనాళాలు తెరుచుకుంటాయి. అందుకే ఇరవైనాలుగు గంటలు ఇవేవీ వద్దంటారు. ఉప్పునీళ్ళు మంచివే, కానీ మర్నాటి నుంచి, గోరువెచ్చగా, అదీ నోట్లో నింపుకుని తల అటూ ఇటూ వంచి మెల్లగా వదిలేయాలి. తిమ్మిరి వదిలేదాకా ఏమీ నమలకూడదు. మొద్దుబారిన పెదవిని పిల్లలు తెలియకుండానే పళ్ళతో కొరికి పుండు చేసుకుంటారు.

మూడో రోజు అద్దం ముందు నోరు తెరిస్తే గుంట మీద తెల్లగా, పసుపుపచ్చగా ఒక పొర కనిపిస్తుంది. చూడగానే ఎవరైనా చీమే అనుకుంటారు. అది చీము కాదు, ఫైబ్రిన్ పొర, గాయం మానుతోందనడానికి గుర్తు. దాన్ని వేలితో గానీ టూత్‌పిక్‌తో గానీ కెలకకూడదు. పప్పు తింటే చీము పడుతుందన్న మాట మన ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయింది. పన్ను తీయించుకున్న మనిషికి పప్పు మాన్పించి చారన్నంతో సరిపెడతారు. ఈ తెల్లపొర కూడా ఆ నమ్మకానికి కొంత బలం ఇచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది. పప్పుకూ చీముకూ ఏ సంబంధమూ లేదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. కొత్త కణజాలం కట్టుకోవడానికి శరీరానికి కావలసింది ప్రోటీన్. మెత్తగా ఉడికి, నమిలే పని పెట్టని ముద్దపప్పు అన్నం, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు ఈ రోజుల్లో అందుబాటులో ఉన్న చక్కటి ఆహారం. పప్పు వేడి మాత్రం చల్లారాలి. షుగరు ఉన్నవాళ్ళు దాన్ని అదుపులో పెట్టుకోవడం ఏ పథ్యంకన్నా ముఖ్యం. రక్తంలో చక్కెర పెరిగితే సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, గాయం ఆలస్యంగా మానుతుంది.

గడ్డను కట్టే ఏర్పాటుతోపాటు కరిగించే ఏర్పాటు కూడా మన శరీరంలోనే ఉంది. ప్లాస్మిన్ అనే ఎంజైము ఫైబ్రిన్ పోగులను తెంపుతుంది. కణజాలం పాకేలోపే అది గడ్డను కరిగించేస్తే గుంటలో ఎముక బయటపడుతుంది. దీన్ని డ్రై సాకెట్ అంటారు. 1896లో అమెరికా పళ్ళ వైద్యుడు క్రాఫర్డ్ ఈ పేరుతో దాన్ని వర్ణించాడు. మామూలు పళ్ళు తీసినప్పుడు ఇది అరుదు, కింది జ్ఞానదంతాల దగ్గర ఎక్కువ. రెండో రోజుకు తగ్గుముఖం పట్టవలసిన నొప్పి, మూడో నాలుగో రోజున ఒక్కసారిగా చెవిదాకా లాగుతూ పెరిగి, నోట్లో దుర్వాసన వస్తుంటే అనుమానించాలి. నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళితే గుంట కడిగి మందు పెడతారు. ఆ మందుల్లో తరచుగా ఉండేది యూజినాల్, అంటే లవంగనూనెలోని ముఖ్య పదార్థమే. అలాగని పచ్చి గాయంలో ఇంట్లో లవంగం కుక్కుకోవడం తగదు.

పొగ తాగేవాళ్ళకు డ్రై సాకెట్ ముప్పు బాగా పెరుగుతుంది. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది, వేడి గాయాన్ని రేపుతుంది, పీల్పు గడ్డను కదుపుతుంది. ఉత్తరాంధ్ర తీరపు పల్లెల్లో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగే అమ్మమ్మలు ఉన్నారు. అంగిలికి అది చేసే కీడు గురించి వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నారు. వాళ్ళకు పన్ను తీసే రోజున చుట్ట మాట విడిగా, ఓపిగ్గా చెప్పాలి. కనీసం మూడు నాలుగు రోజులు మానిపించగలిగితే అదే పెద్ద వైద్యం.

ప్లాస్మిన్ పనికి అడ్డుకట్ట వేసే మందూ ఉంది. జపాన్ శాస్త్రవేత్త ఉతాకో ఒకామోతో తన భర్తతో కలిసి కనిపెట్టి 1962లో ప్రకటించిన ట్రానెక్సామిక్ ఆమ్లం అది. కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లులకు ఇచ్చేది ఇదే. హీమోఫీలియా ఉన్నవాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు పన్ను తీసినప్పుడు నోటిలో ఉంచుకునే ద్రావణంగానూ వాడతారు. గుండెజబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళు పన్ను తీయించుకోవాలని తమంతట తాము వాటిని ఆపేయడం చాలా ప్రమాదం. నోట్లో కారే రక్తాన్ని నొక్కిపట్టి ఆపవచ్చు, గుండెలోనో మెదడులోనో గడ్డకట్టిన రక్తాన్ని అలా ఆపలేం. ఏం వాడుతున్నారో డాక్టరుకు చెప్పండి, నిర్ణయం ఆయనకు వదిలేయండి. ఎముకలు గుల్లబారకుండా జోలెడ్రోనిక్ లాంటి ఇంజక్షన్లు చేయించుకున్న పెద్దవాళ్ళు ఆ సంగతి మరిచిపోకుండా చెప్పాలి. ఎముక అరిగి, తిరిగి కట్టుకునే ప్రక్రియను ఆ మందులు నెమ్మదింపజేస్తాయి. కొందరిలో పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోవడాన్ని వైద్యులు 2003 నుంచి గుర్తిస్తున్నారు.

అంతా సవ్యంగా సాగితే వారంలో గడ్డ స్థానంలోకి సన్నని రక్తనాళాలతో నిండిన ఎర్రటి లేత కణజాలం వస్తుంది. నెల తిరిగేసరికి పైన చిగురు మూసుకుంటుంది. లోపల ఎముక అడుగు నుంచి, పక్కల నుంచి పైకి కట్టుకుంటూ వచ్చి రెండు నెలలకు గుంటను చాలావరకు నింపుతుంది. అది గట్టిపడి పక్క ఎముకలో కలిసిపోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. గుంట నిండుతుంది కానీ దవడ మునుపటి వెడల్పుకు రాదు. పంటి చుట్టూ ఉండే పల్చటి ఎముక పొర పన్ను ఉన్నంతకాలమే నిలుస్తుంది, పన్ను పోగానే కరగడం మొదలవుతుంది. దవడ పళ్ళ చోట ఏడాదిలో గట్టు వెడల్పు దాదాపు సగానికి తగ్గుతుందని, అందులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే పోతుందని 2003లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఈలోగా పక్క పళ్ళు ఖాళీ వైపు ఒరుగుతాయి, ఎదురు దవడ పన్ను కిందికి జారుతుంది. ఆ ఖాళీలో ఇంప్లాంటో బ్రిడ్జో పెట్టించుకునే ఆలోచన ఉంటే, గాయం మానాక చూద్దాంలే అని వాయిదా వేయకుండా, పన్ను తీసే ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.